చెవులపిల్లి లెక్కకు కొసరు

సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. మోకాళ్లు అరిగి నేను ఆ పని మానేశానని వాళ్లకు తెలుసు. "ఇన్నేళ్లు గుట్టలెక్కి ఏం లెక్కపెట్టావన్నా?" అని అడుగుతారు. పెంటికలు అంటే పడీపడీ నవ్వుతారు. మొదటిరోజు నేనూ అలాగే నవ్వాను. నవ్వు అయ్యాక వాళ్లకు చెప్పే సంగతి ఒకటుంది. నోటితో చెబితే ప్రతిసారీ కొంత పెరుగుతోంది, అందుకని రాసి పెడుతున్నాను.

అంతకుముందు నేను పిడుగురాళ్ల వైపు ఒక సున్నం బట్టీలో కాటా దగ్గర కూర్చునేవాణ్ని. లారీ పలక మీదికి ఎక్కేది, అంకె పడేది, రాసుకునేవాణ్ని. పదో తరగతిలో లెక్కలు తప్పినవాణ్ని. నాకు లెక్కలు నేర్పింది లారీలే. ఒకే రాయి, ఒకే బండి, ఒకే డ్రైవరు అయినా ఏ రెండు లోడ్లూ ఒకలా తూగవు. వరసగా నాలుగు లోడ్లు ఒకలా తూగాయంటే ఆ సంగతి రాయిలో లేదు, మనుషుల్లో ఉంది. నాకు తెలిసిన గణితమంతా ఇంతే. బట్టీ మూతపడ్డాక ఈ గణితాన్ని పట్టుకునే గుట్టలెక్కాను.

గురజాల దాటి పత్తి చేలు అయిపోయి, నాపరాళ్లు నేల మీదికి తేలే చోట ఒక గుట్ట ఉంది. దాని ఉత్తరాన అప్పటికే సున్నపురాయి గని నడుస్తోంది. ఆ గనిని గుట్ట మీదికి పెంచుకుంటామని యజమానులు అర్జీ పెట్టుకున్నారు. అనుమతి ఇచ్చేముందు గుట్ట మీద ఏ జీవాలున్నాయో, ఏ వైపు ఎంత వాడుకుంటున్నాయో తేల్చే నివేదిక కావాలి. ఆ పనికి ముగ్గురం ఉండేవాళ్లం. ఒకరు మేడం. విశాఖలో పెరిగిన మనిషి, విదేశాల్లో మంచు అడవుల కుందేళ్ల మీద కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. రెండోవాణ్ని నేను. మూడోవాడు మమ్మల్ని ఆటోలో తిప్పే మావాడు. నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, ఒకే బజారు వాళ్లం.

గుట్ట దక్షిణపు వాలు వాగులోకి దిగుతుంది. ఆ వాలు మీదా, వానాకాలంలో పైన చదునులోనూ పెద్దమ్మ మేకలు మేసేవి. ఆమె మా అమ్మ పుట్టిన ఊరి మనిషి, అందుకని పెద్దమ్మ. సెంటు భూమి లేదు. చుట్టూ మిర్చి, పత్తి చేలు. ఎవరి గట్టు మీద మేక కాలు పెట్టినా తగువే, పైగా పురుగుమందు కొట్టిన ఆకు తింటే మేక బతకదు. గుట్ట గనిలో కలిసిపోతే మందను అమ్ముకోవడం తప్ప ఆమెకు వేరే దారి లేదు. ఈ సంగతి ఎవరో చెప్పలేదు. మొదటిరోజే మజ్జిగ పోస్తూ ఆమే చెప్పింది.

"ఏందిరా, గుట్టకి తాళ్లేసి కొలుస్తన్నారు? ఎవురికి అమ్మారు?"

"అమ్మలేదు పెద్దమ్మా. చెవులపిల్లులు ఏ పక్క తిరుగుతన్నాయో చూస్తన్నాం."

"నా మేకల పక్కనే తిరుగుతాయి. కనపడితే చూపిస్తాలే, కూర్చో."

"కనపడితే లెక్కలోకి రాదంట పెద్దమ్మా," అన్నాడు మావాడు. "దొడ్డికి పోతేనే లెక్కంట."

ఆమె మజ్జిగ చెంబు కింద పెట్టి దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత మేడం వైపు తిరిగి, "ఉన్నాయని తేలితే ఏమవుద్దమ్మా?" అంది.

"ఈ వాలుని అవి బాగా వాడుకుంటున్నాయని తేలితే, దీన్ని గనిలో కలపొద్దని రాస్తాను. నా మాటే ఆఖరు కాదు. కానీ రాస్తాను."

పెద్దమ్మ చెంబు కడుక్కుని మేకల వెనక వెళ్లిపోయింది. ఆ మాట ఆమె మనసులో ఎంత లోతుగా దిగిందో అప్పుడు మాకు తెలియలేదు.

మావాడు ఎగతాళిగా అన్నా నిజం అదే. చెవులపిల్లి అంటే మా అడవి కుందేలే, దాన్ని కళ్లతో చూసి లెక్కపెట్టలేం. కుందేలంటే బొరియ తవ్వుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఇంట్లో పెంచేది తవ్వుతుంది, ఇది తవ్వదు. గడ్డి దుబ్బు పక్కన తన ఒంటి కొలతకు చిన్న పడక చేసుకుని, చెవులు వీపుకు ఆనించి పగలంతా అందులో పడుకుంటుంది. మన కాలు మీద పడబోయేదాకా కదలదు. అందుకని పెంటికలు. నాలుగు మేకులు కొట్టి తాడు కట్టి గుట్టంతా అక్కడక్కడా చదరాలు పెట్టాం. ప్రతి చదరాన్నీ ముందు చేత్తో ఏరి శుభ్రం చేయాలి. మూడు వారాల తర్వాత వచ్చి కొత్తగా పడ్డవి లెక్కపెట్టాలి. ఏ వైపు ఎక్కువ పడితే ఆ వైపు ఎక్కువ తిరుగుతున్నట్టు.

మేక పెంటిక నల్లగా, కోలగా, నున్నగా ఉంటుంది. చెవులపిల్లిది శనగ గింజను వేలితో కాస్త నొక్కినట్టు గుండ్రంగా ఉంటుంది. విరిస్తే లోపల ఎండుగడ్డి పీచు కనిపిస్తుంది. అది తిన్నదాన్ని రెండుసార్లు తింటుందని మేడం చెప్పింది. మొదట వచ్చే మెత్తటివి నేల మీద పడవు, వంగి నోటితోనే తీసుకుని మింగేస్తుంది. రెండో చుట్టు వచ్చిన పొడివి మాత్రమే మనకు దొరుకుతాయి.

"నిన్నటి కూర ఇయ్యాళ ఎచ్చబెట్టుకున్నట్టు," అన్నాడు మావాడు.

"సరిగ్గా అంతే," అంది మేడం. ఆమె నవ్వదు అనుకున్నాం గానీ, నవ్వేది.

గుట్ట ఉత్తరపు వైపు గని దుమ్ము, బట్టీల దుమ్ము కలిసి తంగేడు పొదల మీదా బలుసు కొమ్మల మీదా తెల్లగా పేరుకుని ఉండేది. మేడం అక్కడ నిలబడి చాలాసేపు చూసింది.

"మాకూ మంచు పడుద్ది మేడం," అన్నాడు మావాడు. "కాకపోతే కరగదు."

ఆ రోజు ఆ తెల్లటి పొదల పక్కన కూర్చుని అన్నం తింటూ ఆమె మంచు కుందేలు గురించి చెప్పింది. దాని వెనక పాదాలు ఒంటికి మించి పెద్దవట, వాటి నిండా బొచ్చట. మెత్తటి మంచులో తోడేలు కాలు దిగబడిపోతుంటే ఇది పైపైనే పరిగెత్తుతుందట. చలికాలంలో గడ్డి మంచు కింద కూరుకుపోతే పుల్లలు, బెరడు కొరికి బతుకుతుంది. కొరికిన పుల్ల కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. ఎండాకాలం మట్టి రంగులో ఉండి, చలికాలానికి తెల్లగా మారుతుంది.

"మంచు చూసి మారుద్దా మేడం?" అని అడిగాను.

"చూసి కాదు. పగలు కురచ కావడాన్ని బట్టి మారుతుంది. దాని లెక్క సూర్యుడితోనే. ఒక్కో ఏడు మంచు ఆలస్యంగా పడుతుంది. అప్పుడు తెల్లటి కుందేలు మట్టినేల మీద కూర్చుని ఉంటుంది. తను కనపడుతున్నానని దానికి తెలియదు. కదలకపోతే చాలనుకుంటుంది."

ఆ మాట విన్నాక ఉత్తరపు వాలు మీద చెవులపిల్లులు ఎందుకు ఉండవో నాకు తట్టింది. మనది మంచు కుందేలుకు దూరపు చుట్టం. మెడ వెనక నల్ల మచ్చ, మిగతాదంతా ఎండుగడ్డి రంగు. ఏడాది పొడుగునా అదే చొక్కా. నేల తెల్లబడితే దానికి మార్చుకునే చొక్కా లేదు. పైన గద్ద తిరుగుతూ ఉంటే తెల్లటి దుమ్ములో అది కదలకుండా కూర్చుని ఏం లాభం? నేను అనుకున్నది మేడంతో అన్నాను. "కావచ్చు," అంది ఆమె. "చదరాలు ఏం చెబుతాయో చూద్దాం."

మూడు వారాలు గడిచి మొదటి లెక్కకు వెళ్లాం. ఆ రోజు మేడం గుంటూరులో ఏదో మీటింగుకు వెళ్లింది, నేనూ మావాడూ ఇద్దరమే. ఉత్తరపు చదరాలు దాదాపు ఖాళీ. పైన చదునులో అక్కడొకటి ఇక్కడొకటి. దక్షిణపు వాలుకు వచ్చేసరికి మొదటి చదరంలోనే బోలెడన్ని. మావాడు ఈల వేశాడు. రెండో దానిలోనూ అంతే. మూడో దానిలోనూ అంతే. నాలుగో చదరం దగ్గరికి వచ్చేసరికి నాకు కాటా గుర్తుకొచ్చింది.

మొత్తం వాలంతా తిరిగి మళ్లీ మొదటి చదరం దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాను. ప్రతి చదరంలోనూ ఇంచుమించు ఒక గుప్పెడు. బలుసు పొద కిందా గుప్పెడే, గడ్డి పరక లేని బండ మీదా గుప్పెడే. పైగా చెవులపిల్లి మేస్తూ నడుస్తూ చెదరగొట్టి వేస్తుంది. ఇవేమో నట్టనడుమ కుప్పగా ఉన్నాయి. కొన్ని ఎండకు వెలిసి బూడిద రంగుకు తిరిగాయి. ఆ రంగు రావడానికి నెలలు పడుతుంది, మేము చేత్తో ఏరి శుభ్రం చేసి మూడు వారాలే అయింది.

"ఎవరో ఏశారు," అన్నాను.

"ఎవురేస్తే మనకేంది బావా? చెవులపిల్లివే కదా. అది ఏసినా, మనిషి ఏసినా పెంటిక పెంటికే."

మధ్యాహ్నం పెద్దమ్మ మేకల్ని చిల్లచెట్ల నీడకు తోలి కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఎవరైనా తాళ్ల దగ్గర తిరిగారా అని అడిగాను.

"నేనే ఏశాన్రా," అంది ఆమె. ఏమాత్రం తడబడలేదు. "ఎందుకు, సాల్లేదా?"

మావాడు అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"యాడ నుంచి తెచ్చావు?"

"వాగు అవతల నుంచి. చీర కొంగులో కట్టుకుని తెచ్చా. మూడు రోజులు నడుం ఇరిగింది. మీరు కొలుస్తన్నారు కదా, కొలతకి కొసరు ఎయ్యకుండా ఎట్టా?"

కుర్రాళ్లకు ఇది చెబితే పెద్దమ్మ మోసం చేసిందంటారు. అది మోసం కాదు. మా కల్లాల్లో ధాన్యం కొలిచినా, సంతలో శనగలు కొలిచినా ఆఖరి మానిక మీద ఒక గుప్పెడు వేస్తారు. కొసరు వేయని వాణ్ని పిసినారి అంటారు. కొలత మొదలైతే కొసరు పడాలి. ఆమె పుట్టినప్పటి నుంచీ చూసిన కొలతలన్నీ అలాగే ముగిశాయి. తన గుట్టను ఎవరో కొలుస్తున్నారు, ఆ కొలత ఎక్కువ వస్తే తన మేకలు బతుకుతాయి. చదరానికొక గుప్పెడు వేసింది.

"పెద్దమ్మా, ఇది మేడంకి చెప్పాలి," అన్నాను.

ఆమె ముఖం మారింది. "చెప్తే?"

"ఈ లెక్క తీసేస్తారు."

"తీసేస్తే గుట్ట పోద్ది కదరా."

"చెప్పకపోయినా పోద్ది. రేపు గని వాళ్ల తరఫు మనిషి ఒకడు వచ్చి చూస్తాడు. నాకు తెలిసింది వాడికి తెలవదా? అప్పుడు ఈ కొసరొక్కటే కాదు, నిజంగా ఉన్నవి కూడా అబద్ధమే అంటారు."

"నీకెన్నిసార్లు మజ్జిగ పోశాన్రా!" అంది ఆమె. అరిచి అన్నా నాకు అంత బాధ ఉండేది కాదు. మెల్లగా అంది. కర్ర తీసుకుని లేచింది. మేకలింకా నీడలోనే ఉన్నాయి, ఎండ దిగలేదు. అయినా తోలుకుని వెళ్లిపోయింది.

తిరుగు దారిలో గురజాల దగ్గరికి వచ్చాక మావాడు, "చెప్పకపోతే ఏమయ్యేదో మనకి తెలవదు బావా. నువ్వే తెలిసినట్టు చెప్పావు," అన్నాడు. అది నిజమే.

మర్నాడు మేడంకు చెప్పాను. ఆమె మొదట నవ్వింది. తర్వాత నివేదిక గడువు తేదీ తీసి చూసుకుంది. దక్షిణపు వాలు లెక్క మొత్తం కొట్టేయాలి. మళ్లీ శుభ్రం చేసి మళ్లీ మూడు వారాలు ఆగాలి. అప్పటికి తొలకరి దగ్గరపడుతుంది. మంచు దేశంలో పెంటిక ఏళ్ల తరబడి ఉంటుందట. ఇక్కడ ఒక్క వాన చాలు, నానిపోతుంది, మిగిలినదాన్ని పురుగులు దొర్లించుకుపోతాయి. లెక్క పూర్తి కాకముందే వాన పడితే ఆ వాలు మీద ఏమీ దొరకలేదని రాయాల్సి వస్తుంది. వాన కోసం నివేదిక గడువు ఆగదు.

మేడం నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. మేము వెనక నిలబడ్డాం. పెద్దమ్మ లేవలేదు, కూర్చోమనీ అనలేదు. మేడం తనంతట తానే రాయి మీద కూర్చుంది.

"అమ్మా, వాగు అవతల నుంచి ఎందుకు తెచ్చారు? ఇక్కడ లేవా?"

"ఉండయ్. ఏరుకోవటానికి సాల్లేదు."

"ఎన్ని ఉంటే అన్నే కావాలి నాకు. మళ్లీ లెక్కపెడతాను. ఈసారి మీరు చదరాల్లో చెయ్యి పెట్టకూడదు. మూడు వారాలు మేకలు కూడా ఈ వాలు మీదికి రాకూడదు. తాళ్లు తెంపుతున్నాయి, తొక్కేస్తున్నాయి."

మండు వేసవిలో మందను మూడు వారాలు వాలు మీదికి తేవద్దని అడగడమంటే ఏమిటో మాకు తెలుసు. పెద్దమ్మ మమ్మల్ని కాదు, మేకల్ని చూసింది.

"కాలవ కట్టకి తోలాలి," అంది చివరికి. "రాను పోను రెండు కోసులు. ఈ కుంటి ముండ నడవలేదు." ముందరి కాలు వంకర ఉన్న మేకను చూపించింది. "దీన్ని ఎవురు మోస్తారు? నువ్వు మోస్తావా?" అని నన్నడిగింది.

"ఆటోలో ఎక్కిస్తాలే పెద్దమ్మా," అన్నాడు మావాడు.

అలాగే చేశాడు. పొద్దున పెద్దమ్మ మందను నడిపించుకుంటూ పోతే, కుంటి మేక వెనక సీటులో కూర్చుని కాలవ కట్టకు వెళ్లేది. గురజాల సెంటర్లో మావాణ్ని ఎంతమంది ఎగతాళి చేశారో చెప్పలేను. "మీ ఆవిడకి సీటిచ్చావు, మాకియ్యవేందిరా?" అని అరిచేవాళ్లు.

ఆ మూడు వారాలూ నేను ఆకాశం చూడటమే పనిగా పెట్టుకున్నాను. రెండుసార్లు మాచర్ల వైపు ఉరిమింది, ఈ గుట్ట మీద చినుకు పడలేదు. ఆఖరి రోజు పొద్దున మాత్రం పడమర నల్లగా కమ్ముకొచ్చింది. ముగ్గురం మూడు వైపులా విడిపోయి లెక్కపెట్టాం. ఒక్కో చదరంలో ఏమీ లేదు. ఒక్కో దానిలో అటొకటి ఇటొకటి. వాగు దగ్గర బలుసు పొద కింద మాత్రం బోలెడన్ని. పక్కనే గడ్డిలో ఒత్తుకున్న పడక. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. ఏ రెండు చదరాలూ ఒకలా లేవు.

గాలి లేచే వేళకు పెద్దమ్మ వచ్చింది. మేడం మొత్తం కూడి చెప్పింది.

"ఇంతేనా?" అంది పెద్దమ్మ. "నేనేసింది దీనికి నాలుగింతలుంది కదమ్మా."

"ఇంతే. ఇది సరిపోతుందో లేదో చెప్పలేను. పైన చదునులో కంటే, ఉత్తరాన కంటే ఇక్కడ చాలా ఎక్కువ. అది మాత్రం ఎవరూ కాదనలేరు."

మేము ఆటో దాకా రాకముందే వాన మొదలైంది.

ప్రజాభిప్రాయ సభ మండలంలో జరిగింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. గని తరఫు అధికారి లేచి, మేకల మనిషి చదరాల్లో పెంటికలు వేయడం తమవాళ్లు చూశారని, ఈ నివేదికను నమ్మడానికి లేదని అన్నాడు. కుర్చీల్లో గుసగుసలు లేచాయి. పెద్దమ్మ ముందు వరసలో తల దించుకుని కూర్చుంది. మేడం మైకు తీసుకుని, మొదటి లెక్కలో అలా జరిగిందని, అందుకే దాన్ని కొట్టేసి మళ్లీ లెక్కపెట్టామని, అదంతా నివేదికలోనే రాసి ఉందని పేజీ తెరిచి చదివింది. పెద్దమ్మ పేరు అందులో లేదు. అధికారి ఆ పేజీ తెప్పించుకుని చూసి కూర్చున్నాడు. మావాడు నా చెవిలో, "సరేలే బావా," అన్నాడు.

నెలలు గడిచాక ఉత్తర్వు వచ్చింది. పైన చదును గనికి ఇచ్చారు. దక్షిణపు వాలు వదిలేశారు. చెవులపిల్లి ఒక్కటే కారణమని నేను చెప్పను. వాగు ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. చదును పోవడంతో పెద్దమ్మ మందలో కొన్నింటిని అమ్మక తప్పలేదు. మిగిలినవి వాలు మీద మేస్తున్నాయి.

హద్దురాళ్లకు సున్నం కొట్టిన రోజు నేను వెళ్లాను. పెద్దమ్మ ఒక రాయి పక్కన నిలబడి ఉంది. నాతో మాట్లాడుతుందో లేదో అనుకుంటూ దగ్గరికి నడుస్తుంటే నా కాలి పక్కనుంచే చెవులపిల్లి లేచింది. అది హద్దురాయి దాటి చదును మీద గని వైపు తీసింది పరుగు.

"అటు పోయిందేందిరా?" అంది పెద్దమ్మ.

"తన చోటు వదిలి పోదు పెద్దమ్మా. తరిమితే పెద్ద చుట్టు తిరిగి లేచిన కాడికే వస్తుంది. మేడం చెప్పింది."

"ఎంతసేపట్లో?"

"అది చెప్పలేదు."

ఆమె బండ మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను. కింద మేకలు రేగు కొమ్మలు లాగుతున్నాయి. చదును మీద ఎక్కడో యంత్రం ఆగింది, మళ్లీ మొదలైంది. ఎండ వాలింది. ఎంతసేపు అయిందో చూద్దామని జేబులోంచి ఫోను తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"లెక్క అయిపోయింది కదరా. ఊరికే సూడు."

వాగు వైపు నుంచి, మేము ఎదురుచూడని వైపు నుంచి, అది గడ్డిలో ఆగి ఆగి పైకి వస్తోంది.